మీటింగులో విన్నది ఒకటి, పేపర్లో వచ్చింది ఇంకొకటి: నాయకుల మాటల్ని వార్తగా ఎలా రాయాలి?

చౌటుప్పల్_చెరువుగట్టు
మొన్న మా మండలంలో ఇళ్ల మంజూరు పత్రాలు పంచే మీటింగుకు పోయాను. మా చిన్నమ్మ పేరు లిస్టులో ఉంటే ఆమెను బండి మీద తీసుకుపోయాను. ఫంక్షన్ హాల్ నిండిపోయింది, ముందర టీవీ చానళ్ల లోగోలు, పేపర్ల వాళ్లు ఒక పక్కన కుర్చీలేసుకుని కూర్చున్నారు. నాయకుడు చాలాసేపు పథకాల గురించి చెప్పాడు, దానికి నాకేం అభ్యంతరం లేదు. చివర్లో గొంతు తగ్గించి నవ్వుకుంటూ అన్న మాట నా ఫోన్‌లో రికార్డయింది, అక్షరం మార్చకుండా పెడుతున్నా: "పోయినసారి ఏ బూత్‌ల ఎన్ని పడ్డయో లిస్టు నా దగ్గర ఉంది. ఎవరు ఎటేసిండ్రో నాకు తెల్వదనుకోకుండ్రి. రేపు ఇల్లు రాలే, పింఛన్ ఆగిందని నా దగ్గరికొస్తే నేను ఆ లిస్టే చూస్త."

జనం చప్పట్లు కొట్టారు. మా చిన్నమ్మ మాత్రం చేతిలో కాగితం మడిచి కొంగున ముడేసుకుని "మనం ఎటేసినమో వీళ్లకెట్ల తెలుస్తదిరా" అని అడిగింది. బస్టాండు దాటేదాకా అదే అడిగింది.

తెల్లారి జిల్లా పేజీ పైన పెద్ద వార్త. "పార్టీలకు అతీతంగా అర్హులందరికీ ఇళ్లు" అని హెడ్డింగ్. లోపల, "అభివృద్ధిని గమనించి ప్రజలు అండగా నిలవాలని ఆయన పిలుపునిచ్చారు." అంతే. బెదిరింపు కాస్తా పిలుపు అయిపోయింది. హాల్లో అంతమంది విన్న మాట పేపర్లో లేదు, అన్నదానికి సరిగ్గా ఎదురు మాట హెడ్డింగ్‌లో ఉంది. ఇది నన్ను చాలా బాధపెట్టింది. ఇలాంటి మాటను వదిలేయాలా, ఉన్నదున్నట్టు వేయాలా? వేస్తే ఆ భయాన్ని పేపరే ఇంకో వెయ్యి ఇళ్లకు మోసుకుపోయినట్టు కాదా? పత్రికల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జడ్చర్ల_జంక్షన్
వీడియో చేతిలో ఉంది కదా అన్నా, ఫేస్‌బుక్‌లో పెట్టేయ్. పేపర్ ఎందుకు ఇంకా?

చౌటుప్పల్_చెరువుగట్టు
పెడితే అవతలి పార్టీ వాళ్లు పది సెకన్లు కోసి, మ్యూజిక్ వేసి తిప్పుతారు. చిన్నమ్మ ఇల్లు పక్కకు పోతుంది. పైగా క్లిప్ చూసినవాళ్లందరికీ భయమే అందుతుంది, ఆయన చెప్పింది నిజమా కాదా అనే ముక్క అందదు. ఆ ముక్క చెప్పాల్సింది పేపరే అని నా ఉద్దేశం.

నైట్‌డ్యూటీ_డెస్క్
ఒక పత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేస్తున్నా. ఏ పత్రికో అడగకండి. ఆ ఐటం, అంటే ఆ వార్త, ఎలా వచ్చి ఉంటుందో చెప్తా.

మీటింగు అయిపోకముందే నాయకుడి పీఏ ప్రెస్‌నోట్‌ను మండల రిపోర్టర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తాడు. ఫోటోలూ వాళ్ల ఫోటోగ్రాఫర్‌వే. విలేకరి దాన్ని డెస్కుకు ఫార్వర్డ్ చేస్తాడు. రాత్రి పేజీలు వదలాల్సిన టైంకు ఒక్కో సబ్ ఎడిటర్ చేతిలో ఒకటి కంటే ఎక్కువ పేజీలుంటాయి. ప్రమాదం వార్త వస్తే అది మార్చాలి, యాడ్ వస్తే లేఅవుట్ మార్చాలి. ఆ ఒత్తిడిలో ప్రెస్‌నోట్‌లో ఉన్నదే ఐటం అవుతుంది. మండల విలేకరికి జీతం ఉండదు, లైన్ అకౌంట్ కింద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చేది పెట్రోలుకు సరిపోతే గొప్ప. దసరాకు, ఆగస్టు 15కు, నాయకుల పుట్టినరోజుకు యాడ్స్ టార్గెట్ మాత్రం అతని నెత్తినే ఉంటుంది. ఆ యాడ్ ఇచ్చేది ఎవరు? ఆ నాయకుడే, ఆయన మనుషులే. ఇక "పిలుపునిచ్చారు", "పేర్కొన్నారు", "స్పష్టం చేశారు" అని మూడు మాటలున్నాయి మాకు. ఎంత ఘోరమైన ప్రసంగమైనా ఆ మూడింట్లో పడితే మర్యాదగా బయటికొస్తుంది.

సమర్థించడం లేదు. ఎక్కడ పోతోందో చెప్తున్నా.

దేవరకొండ_టీచరమ్మ
మీ కష్టం అర్థమైంది గానీ ఒప్పుకోను. ప్రెస్‌నోట్ వేయడానికి టైం ఉన్నప్పుడు, విలేకరి అదే హాల్లో కూర్చుని చెవులతో విన్నప్పుడు, ఆ ఒక్క వాక్యం కొటేషన్‌లో పెట్టడానికి టైం ఎందుకు ఉండదు? మాట శుభ్రం చేసి వేయడం వదిలేయడం కంటే పెద్ద తప్పు. వదిలేస్తే ఆ హాల్లో ఉన్నవాళ్ల మధ్యే ఉండేది. శుభ్రం చేసి వేస్తే, విన్నవాళ్లకే "నేను సరిగ్గా విన్నానా" అని అనుమానం వస్తుంది.

సాగర్_ఎడమకాల్వ
మా ఊళ్లో సగం మంది నిజంగానే నమ్ముతారు, మిషన్ల వేస్తే ఎవరికేసినమో వాళ్లకు తెలిసిపోతుందని. పోలింగ్ రోజు ఏజెంట్ లిస్టులో టిక్కులు పెడుతుంటాడు కదా, దాన్ని చూసి అనుకుంటారు.

వనపర్తి_వకీలు
ఆ టిక్కు మీరు వచ్చి ఓటేశారని గుర్తు, అంతే. ఎవరికేశారన్నది అతనికి తెలిసే దారి లేదు.

చౌటుప్పల్ తమ్ముడు పెట్టిన వాక్యంలో రెండు మాటలున్నాయి, విడదీసి చూడాలి. "ఏ బూత్‌ల ఎన్ని పడ్డయో లిస్టు ఉంది", ఇది నిజమే. ఫారం 20 అని ఒకటుంటుంది, అందులో పోలింగ్ స్టేషన్ వారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లో ఉంటుంది. రహస్యమేం కాదు, ఎన్నికల అధికారుల వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. "ఎవరు ఎటేసిండ్రో నాకు తెలుసు", ఇది అబద్ధం. ఈవీఎంలో ఓటు మీ పేరుతోగానీ నంబరుతోగానీ ముడిపడదు. ఓటు రహస్యం కాపాడటం ఎన్నికల డ్యూటీలో ఉన్న ప్రతి ఒక్కరి బాధ్యత అని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 128వ సెక్షన్ చెబుతోంది. నిజమైన మొదటి మాటను ముందు పెట్టి, దాని బలంతో రెండో మాటను నమ్మించాడు. మోసపు మాటలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి, మొత్తం అబద్ధమైతే పట్టుకోవడం సులువు.

అయితే చిన్నమ్మ భయం ఉత్తదే అని కూడా అనను. ఒక్క బూత్‌లో ఓటర్లు వెయ్యి చిల్లరే ఉంటారు. ఏ వాడ ఎటు మొగ్గిందో లెక్కతో అంచనా వేసేయొచ్చు, వాడ మొత్తం మీద కక్ష కట్టొచ్చు. అందుకే ఎన్నికల సంఘం 2008లోనే టోటలైజర్ అనే యంత్రాన్ని ప్రతిపాదించింది. కొన్ని బూత్‌ల ఓట్లను కలిపి లెక్కిస్తుంది, విడివిడిగా ఏ బూత్‌లో ఎన్ని అన్నది బయటికి రాదు. లా కమిషన్ కూడా 2015లో తన 255వ నివేదికలో ఇది కావాలంది. ఇంకా అమల్లోకి రాలేదు. ఈ సంగతంతా వార్త పక్కన గడి కట్టి వేసే ఒక బాక్స్ ఐటంకు సరిపోతుంది కదా, డెస్క్ గారూ?

నైట్‌డ్యూటీ_డెస్క్
సరిపోతుంది సార్. ఇది నిన్న రాత్రే నాకు తెలిసి ఉంటే పది లైన్లలో వేసేవాణ్ని.

జడ్చర్ల_జంక్షన్
కేసు పెట్టొచ్చా మరి?

వనపర్తి_వకీలు
ఎన్నికల టైంలో అభ్యర్థి ఇలా అంటే అదే చట్టం 123(2) కింద అనుచిత ప్రభావం అవుతుంది, ఎన్నికే రద్దు కోరొచ్చు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడైతే ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీవిజిల్‌లో అప్పటికప్పుడు వీడియో తీసి పంపొచ్చు. ఇప్పుడు ఎన్నికలు లేవు, కోడ్ లేదు, ఆ దారి మూసుకుపోయింది. అందుకే ఇలాంటి మాటలు ఎన్నికలకు ఎంతో ముందే, ఇలాంటి సర్కారీ మీటింగుల్లోనే పడతాయి. అందుకే పేపర్ మీద ఇంత పట్టుబట్టాల్సి వస్తోంది.

పాలమూరు_లెక్చరర్
"లిస్టు నా దగ్గర ఉంది" అన్న మాట చదవగానే నాకు అమెరికా సెనేటర్ జోసెఫ్ మెకార్తీ గుర్తొచ్చాడు. 1950 ఫిబ్రవరి 9న వీలింగ్ అనే ఊళ్లో మీటింగులో, విదేశాంగ శాఖలో పనిచేస్తున్న 205 మంది కమ్యూనిస్టుల లిస్టు తన చేతిలో ఉందన్నాడు. తర్వాత 57 అన్నాడు. సెనేట్‌లో 81 కేసులన్నాడు. రుజువు చూపించింది లేదు. కానీ పేపర్లు ఏం చేశాయంటే, "సెనేటర్ అన్నాడు, మేం వేశాం, అనడం నిజమే కదా" అన్న లెక్కన మొదటి పేజీలో వేస్తూ పోయాయి. ఆయన కూడా తెలివిగా, పేజీలు వదిలే టైం దగ్గర పడ్డాక ఆరోపణ వదిలేవాడు, ఎవరికీ విచారించే తీరిక ఉండకూడదని. చివరికి 1954 డిసెంబర్‌లో సెనేట్ 67–22 ఓట్లతో ఆయన్ని అభిశంసించింది. ఈ లోపల ఎంతమంది ఉద్యోగాలు పోయాయో, ఎన్ని కుటుంబాలు చెల్లాచెదురయ్యాయో.

కాబట్టి దేవరకొండ మేడమ్‌తో సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను. కొటేషన్‌లో పెట్టడం అవసరమే, అదొక్కటే సరిపోదు. కొటేషన్ పక్కనే వకీలు గారు చెప్పిన ఫారం 20 సంగతి రావాలి. రేపటి ఫాలోఅప్‌లో కాదు, అదే ఐటంలో, వీలైతే అదే పేరాలో.

దేవరకొండ_టీచరమ్మ
ఒప్పుకుంటున్నా సార్. కొటేషన్ ఒక్కటే పడితే మా చిన్నపిల్లల తల్లులు కూడా అదే నిజమనుకుంటారు.

మర్రిగూడ_మంచినీళ్లు
బెదిరింపు మాట గురించే మాట్లాడుతున్నారు గానీ తియ్యటి మాటల సంగతీ చూడండి. మా మండలం గురించి "ఫ్లోరైడ్‌ను తరిమికొట్టాం" అని ఎన్నిసార్లు హెడ్డింగ్ చూశానో. కొటేషన్ గుర్తులు కూడా ఉండవు, పేపరే అంటున్నట్టు ఉంటుంది.

లెక్క ఏంటంటే, 2015 నాటికి రాష్ట్రంలో ఫ్లోరైడ్ ప్రభావిత ఆవాసాలు 967 అని, 2020 ఆగస్టు నాటికి సున్నా అని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. ఆ సున్నా దేనికి? సురక్షితమైన తాగునీటి సరఫరా అందని ఆవాసాలకు. నల్లా నీళ్లు వచ్చాయి, నిజం, అది చిన్న విషయం కాదు. భూమి లోపల నీళ్లలో ఫ్లోరైడ్ పోలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావని కేంద్ర ప్రమాణం. బోరు నీళ్లతో పొలం పారించే ఊళ్లలో ఆ నీళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి. నల్లా రాని రోజు ఏం తాగుతున్నారు అని ఎవరూ అడగరు. మా పెద్దనాన్న నడుము వంగి, మెడ తిప్పలేక మొత్తం ఒళ్లు తిప్పి చూస్తాడు. ఆయన ఎముకల్లో చేరింది ఏ సున్నాతోనూ పోదు. "తరిమికొట్టాం" అని చదివి వినిపించినప్పుడల్లా ఆయన పేపర్ కింద పెట్టేయమంటాడు.

సూర్యాపేట_సర్వీస్‌రోడ్
ఇక్కడ మీతో విభేదిస్తున్నా. మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు రాకముందు మా అత్తగారి ఊళ్లో ఆడవాళ్లు మంచినీళ్ల డబ్బాల కోసం ఎంత దూరం పోయేవాళ్లో కళ్లారా చూశాను. ఇప్పుడు ఆ ఊళ్లో పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. పనిచేసినవాడు చేశానని చెప్పుకుంటే అది కూడా మోసపు మాటేనా? అన్నిటినీ అనుమానంతో చూస్తే మంచి పని చేసినవాడికి పేరే రాదు.

మర్రిగూడ_మంచినీళ్లు
పేరు రావాలి అన్నా, నేనూ అదే అంటున్నా. "నల్లా నీళ్లొచ్చాయి, కొత్త పిల్లలకు ముప్పు తగ్గింది, బోర్లలో ఫ్లోరైడ్ ఉంది, పాత బాధితులకు పింఛన్, వైద్యం ఇంకా కావాలి." ఈ నాలుగూ ఒక్క ఐటంలో పడితే ఎవరికీ అన్యాయం జరగదు. నాయకుడు మొదటిది ఒక్కటే చెప్తాడు, అది ఆయన పని. మిగతా మూడూ చెప్పడం పేపర్ పని.

సూర్యాపేట_సర్వీస్‌రోడ్
అట్లయితే సరే.

కొల్లాపూర్_మామిడితోట
మా దగ్గర పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల సంగతీ ఇంతే. 2015 జూన్‌లో కర్వెన దగ్గర శంకుస్థాపన. 2023 సెప్టెంబర్ 16న నార్లాపూర్‌లో మొదటి పంపు స్విచ్ వేశారు. తెల్లారి "పాలమూరు ప్రాజెక్టు ప్రారంభం" అని పతాక శీర్షికలు. ఆ రోజు జరిగింది ఏంటంటే 145 మెగావాట్ల మోటారు ఒకటి తిరిగింది, శ్రీశైలం వెనుక జలాలు నార్లాపూర్ రిజర్వాయర్‌లో పడ్డాయి. చూడ్డానికి కన్నులపండుగే, నేనూ సంతోషపడ్డా. కానీ నీళ్లు పొలానికి తెచ్చే కాల్వలు అప్పటికి లేవు. ఏదుల, వట్టెం, కర్వెన, ఉద్దండాపూర్ అన్నీ దాటి పోవాలి నీళ్లు.

ఆ తర్వాత శాతాల గొడవ. ఒక పార్టీ తొంభై శాతం పూర్తయిందంటుంది, ఇంకో పార్టీ అందులో సగం కూడా కాలేదంటుంది. రెండు పేపర్లు రెండు శాతాలు వేస్తాయి. దేంట్లో శాతం అని ఏ పేపరూ అడగదు. మట్టి పనిలోనా, పంపుల్లోనా, ఖర్చు పెట్టిన డబ్బులోనా, నీళ్లు పారిన ఎకరాల్లోనా? మొత్తం ఆయకట్టు లక్ష్యం 12 లక్షల ఎకరాల పైన. అందులో ఎన్ని ఎకరాలకు నీళ్లొచ్చాయో ఒక్క వాక్యం రాస్తే చాలు, రెండు పార్టీల శాతాలూ అక్కడితో ఆగిపోతాయి.

జడ్చర్ల_జంక్షన్
కరెక్ట్. మా మామ నాయకులు "నీళ్లొచ్చాయి" అనగానే బయటికి పోయి కాల్వ చూసొస్తాడు, ప్రతిసారీ. ఆయన్ని రిపోర్టర్‌గా పెట్టాలి 😄

మిర్యాలగూడ_రైస్‌మిల్
మీరంతా ఒకటి మర్చిపోతున్నారు. ఎవరి మాట మోసపుదో తేల్చేది ఎవరు? ప్రతి చానల్‌కు, ప్రతి పేపర్‌కు వెనక ఒక పార్టీ ఉందని జనమంతా అనుకుంటున్న రోజులు. ఈ అధికారం వాళ్ల చేతికి ఇస్తే, అవతలి నాయకుడు అన్నది మోసం, మన నాయకుడు అన్నది చమత్కారం అని రాస్తారు. అంతకంటే ఎవడేమన్నాడో అక్షరం తేడా లేకుండా వేసి, చదివేవాడికి వదిలేయడం మేలు. జనం మీరనుకున్నంత అమాయకులు కాదు.

పాలమూరు_లెక్చరర్
మంచి ప్రశ్న. "మోసపూరితంగా మాట్లాడారు" అని రాయమని నేను అనడం లేదు. అది తీర్పు, మీరన్నట్టు ఎవరి మీదైనా వాడేస్తారు. ఆయన మనసులో ఏముందో విలేకరికి తెలియదు, రాయొద్దు కూడా. ఏమన్నాడు, దానికి రికార్డు ఏం చెబుతోంది, అడిగితే ఏం జవాబిచ్చాడు, ఈ మూడూ రాయాలి. విశేషణాలు అక్కర్లేదు.

పక్షం ఉండటం గురించి ఒక మాట. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు నీలగిరి పత్రిక నడిపారు. 1926లో మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో వాళ్లు తటస్థులు కారు, తెలుగు వాళ్ల పక్షం. పక్షం దాచుకోలేదు. కాబట్టి పార్టీ ఉందా లేదా అన్నదాని కంటే, తన వైపు నాయకుడి మాటకు కూడా అదే కొలత పెడుతుందా లేదా అన్నది చూడాలి.

మిర్యాలగూడ_రైస్‌మిల్
తన వైపు వాడికి అదే కొలత పెట్టే పేపర్ ఒక్కటి చూపించండి, చందా కడతా.

ఇంకో మాట. చదివేవాడికి వదిలేయడం తప్పెలా అవుతుంది?

పాలమూరు_లెక్చరర్
వదిలేస్తే పదే పదే విన్న మాటే నిలబడుతుంది కాబట్టి. 1977లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు కొన్ని వాక్యాలు రెండు వారాల ఎడంతో మూడుసార్లు వినిపించి, ఏది ఎంత నిజమనిపిస్తోందో మార్కులు వేయమన్నారు. నిజమైనవైనా అబద్ధమైనవైనా, మళ్లీ మళ్లీ విన్న వాక్యాలకు మార్కులు పెరుగుతూ పోయాయి. చదువుకున్న పిల్లలే వాళ్లు. అమాయకత్వంతో సంబంధం లేదు, మనిషి బుర్రే అంత. జార్జ్ లేకాఫ్ అనే భాషాశాస్త్రవేత్త అందుకే ఒక పద్ధతి చెప్పాడు: ముందు నిజం చెప్పండి, తర్వాత ఆయన అన్నది, చివర మళ్లీ నిజం. హెడ్డింగ్‌లో అబద్ధం పెట్టి, ఎనిమిదో పేరాలో "అయితే రికార్డుల ప్రకారం" అని రాస్తే, ఎనిమిదో పేరా దాకా వచ్చేవాళ్లు ఎంతమంది?

గద్వాల_కోట
పేపర్ల సంగతి సరే, టీవీల్లో ముందు నిజం ఎక్కడ పెడతారు? నాయకుడి మాట (బైట్) లైవ్‌లో వచ్చేస్తుంది, కింద స్క్రోలింగ్ కూడా అదే మాట. రోజంతా తిరుగుతుంది. పైగా ఎవరో ఎవర్నో తిట్టిన ముక్కే యూట్యూబ్ థంబ్‌నెయిల్. నాయకులకు కూడా తెలుసు, నీళ్ల గురించి ప్రశ్న వచ్చే రోజు ఒక బూతు మాట వదిలితే సాయంత్రం డిబేట్ అంతా ఆ బూతు మీదే అవుతుందని. మా మిర్చి రైతులు రేటు కోసం రోడ్డెక్కిన రోజు అట్లాగే అయింది. వాళ్ల వార్త ఎక్కడా కనపడలేదు.

సాగర్_ఎడమకాల్వ
లైవ్ కట్ చేసేయాలి అలాంటప్పుడు.

గద్వాల_కోట
2020 నవంబర్ 5న అమెరికాలో చేశారు. ఓట్ల లెక్కింపు నడుస్తుండగా ట్రంప్ వైట్‌హౌస్‌లో మాట్లాడుతూ తన నుంచి ఎన్నిక దొంగిలిస్తున్నారని రుజువు లేకుండా అంటుంటే ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ మధ్యలో ఆపేసి, ఇది నిజం కాదని చెప్పాయి. నాకైతే అది నచ్చలేదు. ఆపేస్తే "నా నోరు నొక్కారు" అని ఇంకో కథ మొదలవుతుంది. లైవ్ ఇవ్వకుండా రికార్డు చేసి, చూసి, విచారించి గంట తర్వాత వేయడం మేలు. గంట ఆలస్యమైతే ఎవరికేం నష్టం?

నైట్‌డ్యూటీ_డెస్క్
గంట ఆగితే పక్క చానల్ ముందు వేసేస్తుంది అంటారు పైవాళ్లు. ఈ భయమే అన్నిటికీ మూలం.

అచ్చంపేట_విలేకరి
ఇంతసేపు చదువుతూ ఉన్నా. నేను మండల విలేకరిని. మీరు చెప్పేవన్నీ సబబే, కానీ రాసినవాడి పరిస్థితి ఎవరూ మాట్లాడలేదు.

ఒకసారి ఒక నాయకుడు ఒక తండా వాళ్ల గురించి అన్న మాటను ఉన్నదున్నట్టు పంపాను. డెస్క్ వేసింది. తెల్లారేసరికి ప్రెస్ గ్రూపు నుంచి నన్ను తీసేశారు. రావాల్సిన యాడ్స్ ఆగిపోయాయి, టార్గెట్ కాలేదని ఆఫీసు నుంచి ఫోన్లు. మా ఇంటి ముందు నుంచి బైకులు నెమ్మదిగా పోవడం మొదలైంది. నా భార్య పిల్లల్ని స్కూలుకు తనే దింపి రావడం మొదలుపెట్టింది. నేను ఊళ్లో ఉండాలి, అదే నాయకుడి మీటింగుకు రేపు మళ్లీ పోవాలి. హైదరాబాద్‌లో ఏసీ స్టూడియోలో కూర్చుని నిక్కచ్చిగా అడగడం వేరు, ఇక్కడ వేరు. అయినా ఆ వార్త పంపినందుకు నాకు బాధ లేదు. తండా పెద్దాయన ఇంటికొచ్చి ఆ పేపర్ ఒక కాపీ అడిగి తీసుకుపోయాడు.

దేవరకొండ_టీచరమ్మ
తమ్ముడూ, మీలాంటి వాళ్ల వల్లే మాలాంటి వాళ్లకు ఏదైనా తెలుస్తోంది. మరి మిమ్మల్ని కాపాడుకునేలా ఎలా రాయాలి? అది కూడా ఇక్కడే అనుకుందాం.

అచ్చంపేట_విలేకరి
నా అనుభవంలో మూడు పనిచేస్తాయి అక్కా. ఇలాంటి ఐటం బైలైన్, అంటే రాసినవాడి పేరు, లేకుండా డెస్క్ పేరు మీద రావాలి. వివరణ కోసం నాయకుడికి ఫోన్ చేసేది డెస్క్ ఇన్‌చార్జ్ కావాలి, నేను కాదు. అన్నిటికంటే ముఖ్యం, హాల్లో ఉన్న మూడు నాలుగు పేపర్ల వాళ్లం ఒకే రోజు ఆ మాట వేయాలి. ఒక్కడు వేస్తే వాడు టార్గెట్. అందరూ వేస్తే ఎవర్నని గ్రూపులోంచి తీసేస్తారు? మేమంతా ఒకే హోటల్లో టీ తాగుతాం, ఈ ఒక్క విషయంలో మాట్లాడుకోలేమా?

నైట్‌డ్యూటీ_డెస్క్
నిన్నటి ఐటం మళ్లీ రాయాల్సి వస్తే ఎలా రాస్తానో రాసి చూశాను. అందరూ చూడండి.

హెడ్డింగ్: ఓటు ఎవరికేశారో తెలుసుకోవడం అసాధ్యం
సబ్ హెడ్డింగ్: బూత్ లిస్టు చూసే ఇళ్లు, పింఛన్లు అన్న నాయకుడు.. లబ్ధిదారుల్లో ఆందోళన
ఇంట్రో: ఈవీఎంలో ఎవరి ఓటు ఎవరికి పడిందో తెలుసుకునే వీలు లేదు. పోలింగ్ స్టేషన్ మొత్తం లెక్క మాత్రమే ఫారం 20లో బయటికి వస్తుంది. మండల కేంద్రంలో మంగళవారం ఇళ్ల మంజూరు పత్రాల పంపిణీలో నాయకుడు ‘ఎవరు ఎటేసిండ్రో నాకు తెల్వదనుకోకుండ్రి’ అన్నారు. ఇల్లు రాలేదని, పింఛన్ ఆగిందని వస్తే ‘ఆ లిస్టే చూస్త’ అన్నారు. ఇళ్ల మంజూరు నిబంధనల్లో ఓటు అనే అర్హతే లేదు.

దేవరకొండ_టీచరమ్మ
"లబ్ధిదారుల్లో ఆందోళన" అన్నారు. ఎంతమందిని అడిగారు? ఒక్క చిన్నమ్మ మాట మీద అలా రాస్తే అదీ అతిశయోక్తే. అడిగి రాయండి, లేకపోతే తీసేయండి.

మిర్యాలగూడ_రైస్‌మిల్
ఆయన పేరు హెడ్డింగ్‌లో రావాలి. "నాయకుడు" అంటే ఎవరో ఏమో, తప్పించుకుంటాడు. ఇది నేనే అంటున్నా, ఆయన మా పార్టీ వాడైనా సరే.

వనపర్తి_వకీలు
హౌసింగ్ అధికారిని గానీ ఎంపీడీవోను గానీ అడిగి "ఓటుతో సంబంధం లేదు" అని వాళ్ల నోటితో ఒక వాక్యం పెట్టండి. అది ఆ ఊళ్లో మీరు రాసే ఏ వాక్యం కంటే ఎక్కువ పనిచేస్తుంది. నాయకుడి వివరణ కూడా తప్పనిసరి, ఫోన్ ఎత్తకపోతే ఎత్తలేదని రాయండి. పరువునష్టం నోటీసు వచ్చినా పూర్తి వీడియో, ఫారం 20 దగ్గరుంటే జవాబు చెప్పుకోవచ్చు. కోసిన క్లిప్ మీద మాత్రం ఆధారపడొద్దు.

నైట్‌డ్యూటీ_డెస్క్
మూడూ తీసుకుంటున్నా. "ఆందోళన" తీసేశాను, పేరు ఎక్కించాను, ఎంపీడీవోకు పొద్దున ఫోన్ చేయిస్తా. చౌటుప్పల్ అన్నా, కోయని వీడియో కావాలి, మొదటి నుంచి చివరి దాకా. వాట్సాప్‌లో వద్దు, క్వాలిటీ పోతుంది, డ్రైవ్ లింక్ నా ఇన్‌బాక్స్‌లో పెట్టండి. మీ పేరు, చిన్నమ్మ పేరు ఎక్కడా రాదు. ఫాలోఅప్‌గా వేయమని మా ఇన్‌చార్జ్‌ను అడుగుతా. వేస్తారని హామీ ఇవ్వలేను, అడుగుతానని మాత్రం హామీ.

చౌటుప్పల్_చెరువుగట్టు
లింక్ పెట్టాను. చప్పట్లు అయ్యాక వేదిక మీద ఇంకో ఆయన అన్నది కూడా ఉంది అందులో, చివరిదాకా వినండి.

అచ్చంపేట_విలేకరి
ఆ మండలంలో మిగతా పేపర్ల విలేకరులు ఇద్దరు నాకు తెలుసు. రేపు పొద్దున మాట్లాడతా. డెస్క్ గారూ, మీరు వేసే రోజు ముందే చెప్పండి.

కొల్లాపూర్_మామిడితోట
నాగర్‌కర్నూల్ పేజీ చూసేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఎల్లుండి మా దగ్గర రిజర్వాయర్ కట్ట మీద మీటింగ్ ఉందట, మళ్లీ శాతాలు వస్తాయి. ఇరిగేషన్ ఇంజినీర్ దగ్గర ఎన్ని ఎకరాలకు నీళ్లిచ్చారో లెక్క ముందే తీసి పెట్టుకుందాం, నేను ఆఫీసుకు వస్తాను.